మట్టిగూటికి అద్దం కిటికీ

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. పందొమ్మిది వందల యాభైల్లో నేను అక్కడ పనిచేసేవాణ్ని. పెళ్లిజంటల వెనక తెర సరిచేయడం, ప్లేట్లు కడిగి ఆరబెట్టడం, చీకటిగదిలో యజమానికి చేయి అందించడం నా పని. యజమాని ముస్లిం పెద్దమనిషి. ఊరంతా ఆయన్ని సాహెబు అనేది, నేను సాబ్ అనేవాణ్ని. ఆయన కొత్త కెమెరా కొన్నాక పాతది మూలకు చేరింది. చెక్కపెట్టె, మూడుకాళ్ల స్టాండు, నెత్తిన కప్పుకునే నల్లగుడ్డ, కొలిమి తిత్తిలా ముందుకూ వెనక్కూ సాగే తోలు మడతలు. నా కన్ను ఆ మడతల మీదే ఉండేది.

కారణం గ్రంథాలయం. ఐదో తరగతితో బడి మానిన నాకు అదే బడి. సాయంత్రం స్టూడియో తలుపు వేయగానే అక్కడికి పోయి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకాలను ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ చదివేవాణ్ని. పంతుళ్లూ వకీళ్లూ పత్రికలు తిరగేసి వెళ్లిపోయేవాళ్లు. చివరిదాకా మిగిలేది నేనే. కొత్త పుస్తకం వస్తే గ్రంథపాలకుడు అడగకుండానే తెచ్చి నా ముందు పెట్టేవాడు. ఆ మర్యాదకు నాకు ఎంత పొగరు ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అలా చదివినదే ఈ సంగతి. కటకానికీ ప్లేటుకూ మధ్య దూరాన్ని బాగా పెంచితే, చీమ ఎంత ఉందో ప్లేటు మీద చీమ బొమ్మ అంతే పడుతుంది. ఇంకా పెంచితే చీమను మించి పడుతుంది. అయితే వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి కటకాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఆ ప్రాణి కదలకూడదు. మా పాత కెమెరా తోలు మడతలు చాలా పొడవు సాగుతాయి. అవి చాలకపోతే ముందు ఒక అట్టగొట్టం చేర్చి లోపల దీపం మసి పూస్తే సరిపోతుంది. ఇదంతా సాబ్‌కు చెప్పి, పురుగుల ఫోటోలు తీస్తానన్నాను.

"మనుషులే కుదురుగా కూర్చోరు నా ముందర," అన్నాడాయన. "పెండ్లికొడుకు కండ్లు ఆర్పుతాడు, పెండ్లికూతురు నవ్వుతాది. నీ పురుగు కూర్చుంటాదా బేటా?"

"కూర్చునేదాన్నే చూసుకుంటా సాబ్."

"అట్లయితే సచ్చిందాన్ని పట్టుకో. బాగా కూర్చుంటాది."

"బతికిందే కావాల సాబ్."

"బతికిందే కావాలంట. సరే, దానికి ఒక కుర్చీ వెయ్, పాన్ పెట్టు, అత్తరు పూయి." అలా అంటూనే తేదీ దాటిన ప్లేట్ల పెట్టె నా వైపు తోశాడు.

ఊరి బయట పత్తిచేలల్లో మొదలుపెట్టాను. కాయల మీద గుంపులుగా పాకే ఎర్రపురుగుల ముందు మూడుకాళ్లూ పాతి, నల్లగుడ్డలో దూరేవాణ్ని. కెమెరా వెనక ఉండే మసక అద్దం మీద పురుగు తలకిందులుగా కనిపించేది. అది నిలబడినప్పుడు గాలి నిలబడేది కాదు, గాలి నిలబడితే పురుగు కదిలేది. తొలకరిలో ఒక ఆరుద్ర పురుగు దొరికింది. మెత్తని ఎర్ర మఖమల్ ముక్కలాంటి ప్రాణి. ఎంతో ఆశగా తీశాను. ఆ ప్లేట్లకు ఎరుపు కనిపించదన్న సంగతి మరిచిపోయాను. చీకటిగదిలో ఎర్రదీపం పెట్టుకునేది అందుకే. బొమ్మ కడిగితే నల్లటి బొగ్గుముక్క తేలింది. సాబ్ దాన్ని చేతిలోకి తీసుకుని, "మొగమేది దీనికి? ఎవరింటి పెండ్లికూతురు?" అన్నాడు.

కదలని ప్రాణి కోసం వెతుకుతుండగా పురుగుల పుస్తకంలో మట్టిగూడు కట్టే కందిరీగ గురించి చదివాను. చదివినంతసేపూ మా నాయన గుర్తొస్తూనే ఉన్నాడు.

ఆయన నన్ను కన్నవాడు కాదు. నేను పుట్టింది దేవనకొండ వైపు ఒక కూలి కుటుంబంలో. గత్తర, అంటే కలరా, తగిలి అమ్మా నాయనా ఒకరి వెనక ఒకరు పోయారట. అప్పుడు నాకు ఊహ తెలియదు. ఎమ్మిగనూరు నుంచి సంతకు చీరలు తెచ్చిన ఒక నేతగాడు, ఒక భుజాన చీరల మూట, రెండో భుజాన నన్ను పెట్టుకుని ఇంటికి పోయాడు. ఆయనా ఆయన భార్యా నన్ను పెంచారు. నాకు నాయనా అమ్మా వాళ్లే.

వాళ్లకు పిల్లలు లేరు. కందిరీగ ఇంట్లో గూడు కడితే ఆ ఇంట బిడ్డ పుడుతుందని మా వైపు నమ్మకం. అందుకే మా అమ్మ ఏనాడూ గూడును చీపురుతో తాకనిచ్చేది కాదు. మగ్గం గుంజ మీద, దేవుడి పటం వెనక, తలుపు తాళం కన్నంలో, ఎక్కడ కట్టినా కట్టనిచ్చేది. ఏటా గూళ్లు కట్టాయి, బిడ్డ మాత్రం పుట్టలేదు. చివరికి నేను వచ్చాను.

కులం తెలియని పిల్లవాణ్ని మగ్గం గుంటలో కూర్చోబెడతావా అని పెద్దలు నాయనను నిలదీశారట. ఆయన వాదించలేదు. కందిరీగ కథ చెప్పాడట. ఆ తర్వాత వీధిలో శనివారం భజన జరిగినప్పుడల్లా, తత్వాలు పాడడం అయ్యాక ఆ కథ చెప్పడం ఆయనకు అలవాటైంది. నేను పెరిగింది ఆ మాటలు వింటూనే.

"కందిరీగ యాడిదో పచ్చపురుగును తెచ్చుకుంటాది. మట్టిగూట్లో పెట్టి, మూసి, సుట్టూ తిరుక్కుంటా పాడతాది. లోపల పురుగుకు ఇంగో సప్పుడు ఇనపడదు. ఆ పాటే ఇంటా ఇంటా దానికి రెక్కలొస్తాయి. మన్ను పగలగొట్టుకోని కందిరీగై బయటికొస్తాది. అప్పుడు దాన్ని పట్టుకోని నువ్వెవురి బిడ్డవే అని అడుగుతారా మీరు? నా మగ్గం సప్పుడు ఇంటా పెరిగినోడు నా బిడ్డే."

అప్పుడు ఆయన వేలు నా వైపు తిరిగేది. అందరూ నన్ను చూసేవాళ్లు. చిన్నప్పుడు ఆ క్షణం కోసం కాచుకుని ఉండేవాణ్ని. ఆదోని గ్రంథాలయానికి అలవాటు పడ్డాక, ఆ వేలు తిరిగే సమయానికి తల దించుకునేవాణ్ని.

పుస్తకం చెప్పింది ఇదీ. కందిరీగ పచ్చపురుగును కుట్టి, చావకుండా, కదలకుండా చేస్తుంది. అలాంటివి కొన్ని తెచ్చి గూట్లో కుక్కుతుంది. తన గుడ్డును సన్నని దారంతో గూడు కప్పుకు వేలాడదీసి, మూత వేసి వెళ్లిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుల్ని బతికుండగానే తింటూ పెరుగుతుంది. బయటికి వచ్చేది ఆ పిల్లే. పచ్చపురుగు ఏమీ కాదు, తిండి అవుతుంది.

ఇది బొమ్మలో చూపించాలనుకున్నాను. కుదురుగా కూర్చునే ప్రాణి దొరికిందన్న సంబరం ఒకటి. మా వీధిలో ఎవరికీ తెలియనిది నాకు తెలుసునన్న సంబరం ఇంకొకటి. రెండోదే పెద్దది. నాయన చెప్పే మాట తప్పని రుజువు చేస్తే ఆయన ఏమవుతాడన్నది మాత్రం ఒక్కసారి కూడా నా తలకు తట్టలేదు.

వారం వారం ఇంటికి పోయేవాణ్ని. శనివారం చివరి బస్సుకు చేరి, ఆదివారం పడుగు పనిలో సాయం పట్టేవాణ్ని. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు. వాటిని వీధి పొడవునా కట్టెల మీద సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు బిగించి పట్టుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక చివర నాది. బడి మానాక కొన్నేళ్లు మగ్గంలో నేసి, ఆ తర్వాతే ఆదోని పనికి పోయాను.

ఒక వారం సాబ్‌ను అడిగి ముందురోజే బయలుదేరాను. కెమెరాను బస్సు పైన కట్టించి తీసుకుపోయాను. అప్పుడే మగ్గం గుంజ మీద కొత్త గూడు ఒకటి మూత పడి ఉంది. నాయన నేసిన గుడ్డ అప్పగించడానికి పోయాడు. అమ్మ ఒక్కతే ఉంది.

"నీ కందిరీగకు ఫోటో తీస్తానమ్మా," అన్నాను.

"దానికేంటికిరా ఫోటో? దానికి పెండ్లి సూస్తాండావా?"

"లోపల ఏముందో సూపిస్తా నీకు."

"గూడు ఇప్పుతావా?" ఆమె మొహం మారింది.

"పగలగొట్టను. పక్కన సిన్న కిటికీ కోసి అద్దం పెడతా. దానికేం కాదు."

అమ్మ నన్ను నమ్మింది. చదువుకున్నవాణ్ని కదా. గడ్డం గీసుకునే బ్లేడుతో గూడు పక్కన మట్టిని కొంచెం కొంచెంగా గీకి తీశాను. ఫోటో ప్లేటు ముక్క ఒకటి కడిగి అద్దంలా చేసుకున్నాను. దాన్ని అక్కడ ఆనించి అంచుల్లో తడిమన్ను మెత్తాను. లోపల చీకటి. అమ్మను వాకిట్లో నిలబెట్టి, మొహం చూసుకునే అద్దం చేతికిచ్చి, ఎండను లోపలికి కొట్టమన్నాను.

"ఈడనా? ఆడనా?"

"ఇంకొంచెం పైకి. కదిలించకు."

"చెయ్యి వణుకుతాందిరా."

"ఊపిరి బిగబట్టు."

మసక అద్దం మీద గూడు లోపలి గది తలకిందులుగా వెలిగింది. పచ్చపురుగులు ఒకదాని పక్కన ఒకటి మడిచి ఉన్నాయి. వాటి మీదకు వంగిన పాలరంగు పిల్ల, తల ఒక పురుగు పక్కటెముకల చోట గుచ్చుకుని ఉంది. పురుగులకు పక్కటెముకలు ఉండవని తెలుసు. అయినా ఆ చోటుకు నాకు వేరే మాట తోచలేదు. తినబడుతున్న పురుగు కాళ్లు ఉండి ఉండి సన్నగా అదిరేవి. అది అదరని సమయం చూసి కటకం మూత తీశాను. ప్లేట్లన్నీ అయిపోయేదాకా తీశాను. అమ్మ చెయ్యి మార్చుకుంటూ అద్దం పట్టుకునే ఉంది. లోపల ఏముందో ఆమె చూడలేదు. నేను చూపించనూ లేదు. పూర్తయ్యాక చూపిద్దాంలే అనుకున్నాను.

బొమ్మలు బాగా వచ్చాయి. అన్నిటికంటే బాగా వచ్చినదాన్ని సాబ్ చేతనే పెద్దది చేయించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"నువ్వు పనిమంతుడివి బేటా. కానీ దీన్ని బయట అద్దాల పెట్టెలో పెట్టను. పెండ్లివాళ్లు సూసి పారిపోతారు."

తర్వాతి శనివారం దాన్ని కాగితంలో చుట్టుకుని మధ్యాహ్నం బస్సుకే ఇంటికి పోయాను. నేరుగా భజన దగ్గరికే పోయాను. ఇంకా చీకటి పడలేదు. తత్వాలు అయిపోయి నాయన కందిరీగ కథ ఎత్తుకున్నాడు. ఆయన వేలు నా వైపు తిరగగానే నేను లేచి, చుట్ట విప్పాను.

"అది నిజం కాదు నాయనా. నేను ఫోటో తీసినా."

బొమ్మ చేతులు మారింది. నేను పక్కన నిలబడి వివరించాను. గ్రంథాలయంలో చదివినట్టే, వరసగా, ఒక్క మాట పొల్లు పోకుండా. ఇది పచ్చపురుగు, ఇది కందిరీగ పిల్ల, ఇక్కడ తింటోంది, పురుగు చావలేదు, తాజాగా ఉండాలని కందిరీగ చంపదు. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. నా గొంతు నాకే ఇంపుగా ఉంది.

పక్కింటి నేతగాడు బొమ్మను దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయన్ని నేను చిన్నాయనా అని పిలిచేవాణ్ని. ఏ మాటకైనా చురక వేయందే వదలడు.

"అయితే అన్నా, యాడిదో పురుగును తెచ్చుకునేది పెంచుకునేదానికి కాదన్న మాట. తినేదానికి." బొమ్మను నాయన ఒళ్లో పెట్టాడు. "అదీ నిజమేలే. కూలి లేకుండానే నేసినాడు కదా పిల్లోడు ఇన్నేండ్లు?"

నవ్వులు లేచాయి. నాయన కూడా నవ్వాడు. నవ్వి, బొమ్మను రెండు చేతులతో ఎత్తి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"సావలేదంటివి కదా. దానికి తెలుస్తాంటాదా?"

"ఏది నాయనా?"

"తింటాంటే. దానికి తెలుస్తాంటాదా?"

పుస్తకంలో దానికి జవాబు లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఆడించి, బొమ్మను మళ్లీ జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చాడు.

మరుసటి పొద్దున లేచేసరికి వీధిలో పడుగు అప్పటికే సాగి ఉంది. ఈ చివర నాయన, ఆ చివర అమ్మ. నేను పోయి అమ్మ చేతిలోది అందుకోబోయాను.

"వద్దు," అన్నాడు నాయన. "మేమిద్దరం సాలు. నువ్వు ఆదోనికి పో. నీకు సదువుకునేది ఉంటాది."

కోపంతో అన్నాడనుకున్నాను. కోపమైతే బాగుండేది. పై ఆదివారం కూడా అదే మాట. ఆ పై వారం నేను గడపలో అడుగు పెట్టేసరికి అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. వెనక నుంచి నాయన అన్నాడు: "కాళ్లు కడుక్కోప్పా."

మా ఇంట్లో కాళ్లకు నీళ్లు ఇచ్చేది చుట్టాలకు. నేను దొడ్లోకి పోయి తొట్టిలో నీళ్లు తీసుకునేవాణ్ని. ఇక ఆ 'అప్పా'. ఆయన నన్ను పిలిచిందంతా 'రా' తోనే. ఏరా, ఒరే, పోరా, తినరా. ఊళ్లోవాళ్లను పిలిచినట్టు నన్ను అప్పా అన్నాడు. ఎంతో మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నాడు. కాళ్లు కడుక్కున్నాను. చాప వేశారు. సంగటి ముద్ద నాకు ముందు పెట్టి, నేను తినేదాకా ఆయన తినలేదు.

నేనేదైనా ముట్టుకోబోతే చేతిలోంచి తీసుకునేవాడు. కండెకు దారం చుట్టబోతే "అమ్మ చేస్తాదిలే." నీళ్లు తోడబోతే "నీకేంటికప్పా." నేను ఆ ఇంట్లో ఒక్క దారం పోగు కూడా తాకకుండా వారాలు గడిచాయి. ఆదోనిలో చీకటిగదిలో ప్లేట్లు కడుగుతున్నప్పుడు కూడా ఆ మర్యాద నా వీపు మీద బరువుగా ఉండేది.

అమ్మను అడిగాను. ఆమె చెప్పింది ఒక్కటే.

"ఆయనేం సెప్పడు. మగ్గంలో కూసోని ఉన్నట్టుండి నేత ఆపేస్తాడు. అంతే." మళ్లీ తనే, "ఆ అద్దం నేనే పట్టినా కదరా," అంది.

గూడు చూశాను. నేను మెత్తిన మన్ను ఎండి, అద్దం పక్క నెర్రె విచ్చింది. లోపల పిల్ల ముడుచుకుని, గోధుమ గింజలా ఎండిపోయి ఉంది. సగం తిన్న పురుగులు కూడా ఎండిపోయాయి. దానికేం కాదని అమ్మకు మాట ఇచ్చినవాణ్ని నేను. ఆ గూట్లోంచి ఏదీ బయటికి రాలేదు.

నేను చేసింది తప్పా అని ఆ రోజుల్లో నాతో నేనే చాలా వాదించుకున్నాను. ఫోటో అబద్ధం కాదు. పుస్తకం అబద్ధం కాదు. నిజం చెప్పడం తప్పెలా అవుతుంది? ఇలా మొదలుపెట్టి ఎంత దూరం పోయినా, చివరికి నాకు వినపడేది నా గొంతే. ఆ సాయంత్రం అందరి మధ్యా వరసగా వివరిస్తూ, నాకే ఇంపుగా ఉన్న గొంతు. నిజం చెప్పడమే నా ఉద్దేశమైతే ఇంట్లో, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పి ఉండేవాణ్ని. నాకు కావలసింది నిజం కాదు, వినేవాళ్లు.

దాన్ని సరిచేయడానికి నాకు ఒక ఉపాయం తోచింది. అది మొదటిదానికంటే అధ్వాన్నమైంది.

మరో శనివారం. భజన అయిపోవచ్చింది. నాయన తాళాలు పక్కన పెట్టి, ఊరికే కూర్చున్నాడు. చిన్నాయన ఊరుకోలేదు.

"ఈ మధ్య కందిరీగ రావట్లేదేం అన్నా మన భజనకు? పిల్ల తినేసిందా దాన్ని కూడా?"

నేను లేచి నిలబడ్డాను. "చిన్నాయనా, ఆ ఫోటోలో నాది పొరపాటు. పుస్తకం మళ్లీ సదివినా. కందిరీగల్లో రెండు జాతులు ఉండాయి. నేను సూసింది తినే జాతి. మన ఇండ్లల్లో కట్టేవి ఎక్కువ భాగం వేరేవి. అవి నాయన సెప్పినట్లే పురుగును తెచ్చుకోని, పాడి, తమలాగ చేసుకుంటాయి. పుస్తకంలో రాసింది."

అంతా విన్నారు. కొందరు తల కూడా ఊపారు. గ్రంథాలయం పేరుకు మా వీధిలో అంత విలువ ఉండేది. ఆ విలువ తెచ్చింది నేనే, దాన్ని వాడుకుంటున్నదీ నేనే. చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. నా గుండె తేలికపడబోయింది.

"కూసోప్పా," అన్నాడు నాయన.

నేను కూర్చోలేదు.

"కూసో. ఆ గూడు మన మగ్గం గుంజ మీదిది. నా కండ్ల ముందర కట్టింది. వేరే జాతి యాడ నుంచి వచ్చె?" ఆయన గొంతు పెంచలేదు. అందరి వైపూ తిరిగాడు. "నా కొడుకు తీసిన బొమ్మ నిజం. నేను ఇన్నేండ్లు సెప్పింది సూసి సెప్పింది కాదు, ఎవురో సెప్తే ఇని సెప్పింది. ఇంగ సెప్పను." తాళాలు అందుకుని, ఇంకో తత్వం ఎత్తుకున్నాడు.

నా కొడుకు అన్నాడు. నన్ను తన కొడుకని చెప్పుకోవడానికి ఆయనకున్న ఆ ఒక్క కథనూ అదే ఊపిరిలో వదిలేశాడు. పాట నడుస్తుంటే నేను తల ఎత్తలేకపోయాను.

ఇంటికి పోయే దారిలో ఆయన ముందు, నేను వెనక. ఇల్లు కనిపించాక ఆయనే అడిగాడు.

"నాకోసమేనా ఆ అబద్ధం?"

"ఊఁ."

"నేనూ దాపెట్టకుండా సెప్తా. నీకు బడి మానిపిచ్చింది నేను. పంతులు ఇంటికొచ్చి అడిగినా ఇనలేదు. మగ్గానికి చెయ్యి కావాల్సొచ్చె నాకు. ఆ బొమ్మ సూసిన కాడి నుంచి అదే తిరుగుతాండాది తలకాయలో. దేవనకొండ నుంచి ఎత్తుకొచ్చింది బిడ్డ కోసమా, చెయ్యి కోసమా అని."

"నేను ఆ మాట అన్లేదు నాయనా."

"నువ్వన్లేదు. బొమ్మ అనె."

ఆ బడి మాట ఆయన నోట అంతకు ముందెన్నడూ వినలేదు. నేనూ ఎన్నడూ ఎత్తలేదు. గ్రంథాలయంలో అందరూ వెళ్లాక కూడా కూర్చున్నప్పుడల్లా ఆ బాధ నాలో లేదని కూడా చెప్పలేను. ఆయన ఆ బొమ్మలో చూసింది నేను ఎప్పుడూ పైకి అనని మాటే కావచ్చు. ఈ ఆలోచన అప్పుడు, ఆ దారిలో, నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

"నాయనా, ఆ బొమ్మలో తినేది బిడ్డ," అన్నాను. "తెచ్చిపెట్టింది తల్లి. నేను తిన్నదంతా మీది. తిన్నోణ్ణి నేను."

ఆయన ఆగి, వెనక్కు తిరిగి చూశాడు.

"నీకు దేనికైనా ఒక జవాబు ఉంటాది," అన్నాడు. అది మెచ్చుకోలు కాదు. కొంచెం దూరం నడిచాక, నా వైపు చూడకుండా, "పొద్దున పడుగుంది. మీ అమ్మకు నడుము నొప్పి. ఉంటావా, పోతావా?"

"ఉంటా."

తెల్లవారుతూనే వీధిలో కట్టెలు నిలిపాం. గంజి కాగి, చల్లారి సిద్ధంగా ఉంది. ఆ చివర నాయన, ఈ చివర నేను. నా వేళ్లు ఫోటో మందులకు గోధుమరంగు తిరిగి, చర్మం పలచబడి ఉన్నాయి. దారం పట్టు మరిచిపోయాయి. ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో చేతులకు అందడం లేదు. నాయన తన చివరను గుంజకు కట్టి, గంజి పూసుకుంటూ, కుంచెతో దువ్వుకుంటూ నా వైపు వస్తున్నాడు. నేను ఒక్కసారి ఎక్కువ లాగాను. నా దగ్గర ఒక గుంపు పోగులు తెగి వేలాడాయి.

పాత రోజుల్లో అయితే ఆ చివర నుంచే తిట్టు వచ్చేది. వీధంతా వినేది. ఇప్పుడు ఆయన కుంచె పక్కన పెట్టి, నా దగ్గరకు నడిచి వచ్చి, వంగి, తెగిన పోగుల్ని ఒక్కొక్కటీ వెతికి అతుకుతున్నాడు. ఏమీ అనలేదు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చుట్టాన్ని ఎవరూ తిట్టరు. చివరి పోగు అతికాక ఆయన నడుము నిటారు చేసి, నా మొహం చూశాడు. నేను దేనికోసం నిలబడి ఉన్నానో ఆయనకు తెలిసిపోయింది.

"కండ్లు యాడ పెట్టుకున్నావురా?" అన్నాడు. "దున్నపోతు మాదిరి లాగుతాండావు."

"సూసుకుంటా నాయనా."

ఆయన మళ్లీ కుంచె అందుకున్నాడు. నేను బిగించి పట్టుకున్నాను. ఎన్ని వారాలుగానో ఆ తిట్టు కోసం ఎదురుచూశాను. అది అందింది. కానీ అందులో కోపం లేదు. నేను అడిగానని ఇచ్చాడు. తన పని ఆపి, నాకు కావలసింది ఏమిటో చూసి, వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది కూడా ఆయన దగ్గర్నుంచే తీసుకుని, నేను పడుగు చివర నిలబడ్డాను. ఎండ ఎక్కేదాకా పడుగు దువ్వడం ఆగలేదు.